రొట్టెల బీరు

పెళ్లికి బీరు తానే కాస్తానని మా అబ్బాయి గింతస్ అన్నప్పుడు నేను బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. చేతిలో కత్తి ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న మా ఆయన పోవిలస్ చెంచా కింద పెట్టాడు. మా అమ్మాయి విల్మా, ఆ పెళ్లికూతురు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. బయట చూడ్డానికి కోళ్లు తప్ప ఏమీ లేవు.

నేను మామూలుగానే భయస్తురాలిని. ఫోన్ మోగితే చావు కబురే అనుకుంటాను. కుక్క మొరిగితే దొంగ అనుకుంటాను, మొరగకపోతే కుక్క చచ్చిపోయిందేమోనని లేచి చూస్తాను. కానీ ఆ రోజు భయం అలాంటిది కాదు. గింతస్‌కి ముప్పై నాలుగేళ్లు. క్లైపెదా ఓడరేవులో పని చేసేవాడు. అక్కడే తాగుడు పట్టుకుంది. భార్య వెళ్లిపోయింది, పని పోయింది, చివరికి ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేస్తే మేమిద్దరం పోయి తెచ్చుకున్నాం. తరువాత సరస్సు ఒడ్డున ఒక ఫాదర్ నడిపే ఇంట్లో ఉన్నాడు. అక్కడ తాగుడు మానాలనుకునే వాళ్లంతా మేకలు కాస్తారు, జున్ను చేస్తారు, కట్టెలు కొడతారు. అక్కణ్ణుంచి జూన్‌లో ఇంటికి వచ్చాడు. ఏడాది మూడు నెలలైంది చుక్క ముట్టి.

ఇదంతా ఊళ్లో చెప్పలేదు. ఊళ్లోకి రొట్టెలు అమ్మడానికి వచ్చే వ్యాను దగ్గర పక్కింటి యానినా, "మీవాడు బీరు ముట్టడం లేదేంటి బ్రొనే?" అని అడిగితే, "కడుపులో పుండు" అన్నాను. గింతస్ అలా చెప్పమనలేదు. మా ఆయనా చెప్పమనలేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఇక అదే ఖాయమైంది.

మామూలుగా మా ఇంట్లో బీరు కాసేది పోవిలస్. ఆ వసంతంలో గడ్డి అటక మీంచి జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఇనుప ముక్క వేసి అతికించారు గాని చెయ్యి గడ్డం దాటి పైకి లేవదు. బిర్జై చుట్టుపక్కల మా ఊళ్లల్లో పెళ్లికి దుకాణం బీరు పెట్టడమంటే మా ఇంట్లో పొయ్యి లేదని చాటుకోవడమే.

"స్తెపొనస్ అన్నయ్యని అడుగుదాం," అన్నాడు పోవిలస్.

"ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్లు నాన్నా. తొట్టి ఎత్తగలడా? నేనున్నాగా."

"నువ్వెప్పుడైనా టీకి నీళ్లు కాచావురా?"

"చెబితే కాస్తాను."

నేను ఉండబట్టలేక అన్నాను. "బీరెందుకురా, గిరా చెయ్యి. బోలెడంత చెయ్యి. రొట్టె ముక్కలు నానబెట్టి పులియబెడితే చాలు. మత్తుండదు, పిల్లలు కూడా తాగుతారు."

"పెళ్లికొచ్చినోళ్లకి గిరా పోస్తే నిన్ను తీసుకెళ్లి బావిలో పడేస్తారమ్మా."

"పడేయనీ."

"అమ్మా. కసాయివాడు కోసిందంతా తింటాడా?"

"తింటాడు. అందుకే వాళ్లంతా అంత లావుంటారు."

విల్మా నవ్వింది. గింతస్ కూడా నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు, "ఈ ఇంట్లో ఒక్క పని నా చేతిమీదుగా జరగనియ్యండి. ఒక్కటి." ఆ మాటకి అడ్డు చెప్పే నోరు మా ముగ్గురిలో ఎవరికీ లేదు.

*

మొదటిసారి కాసేవాడు ఏ బీరు కాయాలి అనే మాట మా ఇంట్లో జూలై నెలంతా నడిచింది. పోవిలస్ తాను ఎప్పుడూ కాసే తేనెరంగు పెళ్లి బీరే కాయమన్నాడు. యానినా, ఎవరూ అడక్కపోయినా, ఎండు యాపిల్ వేసి కాయమంది. చివరికి గింతస్ స్తెపొనస్ దగ్గరికి బయలుదేరాడు. వాళ్ల ఊరగాయ సీసా తిరిగి ఇవ్వాలంటూ నేనూ వెంట పడ్డాను.

"సీసా నేనిస్తాగా అమ్మా."

"పగలగొడతావు."

స్తెపొనస్ మా ఆయనకి పెదనాన్న కొడుకు. చుట్టుపక్కల ఆయనకి తెలిసినంత బీరు విద్య మరెవరికీ తెలియదు. మమ్మల్ని నేలమాళిగలోకి తీసుకెళ్లి, పీపా మీద మూడు గ్లాసులు పెట్టాడు. ఒకటి గడ్డిరంగు, ఒకటి తేనెరంగు, ఒకటి పలచగా నీళ్లలా ఉంది.

గింతస్ ఒక్కొక్క గ్లాసూ ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు, వాసన చూశాడు, కింద పెట్టాడు. నేను వాడి గొంతు వైపే చూస్తున్నాను, కదులుతుందేమోనని.

"తాగకుండా ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు స్తెపొనస్. "పెళ్లాన్ని వాసన చూసి ఎంచుకుంటావా?"

"మీరు అలాగే ఎంచుకున్నారని పెద్దమ్మ చెప్పింది."

"ఆవిడ అప్పట్లో ఆవుల శాలలో పని చేసేది. దూరం నుంచే తెలిసేది." ఆయన పడీపడీ నవ్వాడు.

"వాడికి కడుపులో పుండు బావగారూ," అన్నాను నేను గబుక్కున.

స్తెపొనస్ నవ్వు ఆపి నన్ను చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. "అవునవును. పుండు," అని గ్లాసులు ఒక్కొక్కటే తానే ఖాళీ చేశాడు. "చూడరా గింతస్. మొదటిసారి పలచటిది కాయి. దుంపలు తవ్వడానికి వచ్చే వాళ్లకి పోసే బీరు. పాడైతే పందులకి పోయొచ్చు. పెళ్లి బీరు పాడైతే పందులకి కూడా మొహం చూపించలేవు."

"రెండుసార్లు కాసే టైము లేదు పెద్దనాన్నా. రొట్టెల బీరు కాద్దామనుకుంటున్నాను."

ముసలాయన చేతిలో గ్లాసు పీపా మీద గట్టిగా తగిలింది. "మీ నానమ్మ పోయాక ఈ ఊళ్లో దాన్ని కాసినోడు లేడు. నేను రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి బొగ్గు నీళ్లు, ఒకసారి ఉత్త నీళ్లు. ఈత రానోడు సముద్రంలో మొదలెడతాడట్రా?"

రొట్టెల బీరంటే ఇదీ. మిగతా బీర్లకి మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానేస్తారు, అంతే. దీనికి ఆ మొలకపిండిని వేడినీళ్లతో ముద్దగా పిసికి, రొట్టెల్లా చేసి, రొట్టెల పొయ్యిలో రాత్రంతా నల్లబడేదాకా కాలుస్తారు. ఆ రొట్టెల్ని విరిచి నీళ్లలో వేస్తారు. కాలడం ఒక గంట అటైనా ఇటైనా అంతా పోతుంది.

ఇంటికి నడుస్తుంటే అడిగాను. "అందరూ తేలికది చెయ్యమంటుంటే ఈ కష్టమైంది ఎందుకురా?"

దారి పక్కన వంగి గడ్డిపోచ తెంపాడు. "మిగతా వాటికి గంటగంటకీ నాలుక మీద వేసుకు చూడాలమ్మా. తీపి దిగిందా, చేదు చాలిందా అని. దీనికక్కర్లేదు. ఏదైనా పొయ్యిలోనే తేలిపోతుంది. రంగు కళ్లకి కనిపిస్తుంది. వాసన ముక్కుకి తెలుస్తుంది. వేలితో కొడితే చప్పుడు వినిపిస్తుంది. నానమ్మకి చివర్లో పళ్లూ లేవు, రుచీ తెలిసేది కాదు. అయినా ఆవిడ బీరే గొప్పదనేవారు, గుర్తులేదూ?"

అంతదూరం ఆలోచించి పెట్టుకున్నాడు. సంతోషించాల్సింది. నాకు ఇంకా భయమేసింది. ఏదో సరదాకి అన్నవాడైతే నాలుగు రోజులకి మానేస్తాడు. ఆలోచించినవాడు మానడు.

*

ఆగస్టులో బార్లీ బస్తాలని చెరువులో నానేశాడు. కొట్టం నేల మీద పరిచాడు. మొలకలు వేళ్లు అల్లుకోకుండా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చేత్తో తిరగేసేవాడు. తరువాత ఆవిరిస్నానాల గదిలో ఎండబెట్టాడు. కళ్లు ఎర్రబడేవి. పొగకో, మరిదేనికో అని నేను గుంజాటన పడేదాన్ని. వాడి చొక్కాలు ఉతికే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేదాన్ని. ఒకరోజు వెనక నుంచి వచ్చి పట్టుకున్నాడు.

"ఏం వాసనొస్తోందమ్మా?"

"చెమట."

"గట్టిగా చూడు. చంకల దగ్గర ఇంకా బాగుంటుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. కాని మర్నాడు మళ్లీ చూశాను.

సెప్టెంబరు మధ్యలో రొట్టెలు కాల్చే రోజు వచ్చింది. పోవిలస్ ముక్కాలి పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చుని మంచి చేత్తో ఆజ్ఞలిచ్చాడు. "కట్టె తియ్యి. ఇంకొకటి తియ్యి. అది కాదురా, ఆ పక్కది. నువ్వు ఓడలెలా నడిపావురా బాబూ?"

"ఓడలు నడపలేదు నాన్నా. మూటలు మోశాను."

"అదీ కనిపిస్తోంది. పిండిని మూటలాగే పిసుకుతున్నావు."

ముద్ద బరువుకి తొట్టి అడుగు కిర్రుమంది. నేను మోచేతుల దాకా పిండిలో ఉన్నాను. ఆ పని నాకు తెలుసు, జీవితమంతా రొట్టె పిసికినదాన్ని. బీరు కాకపోయి ఉంటే ఆ రోజు నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి అయ్యేది.

తెల్లారాక పొయ్యి మూత తీశాడు. రొట్టెలు ఎడ్ల డెక్కల్లా నల్లగా, మెరుస్తూ ఉన్నాయి. ఒకదాన్ని బల్ల మీద పెట్టి, వంగి, తలుపు తట్టినట్టు వేలితో తట్టాడు. చెవి పెట్టి విన్నాడు. రెండోది. మూడోది. వాళ్ల నాన్న వైపు చూశాడు. పోవిలస్ లేచి తనూ ఒకటి తట్టి, "అమ్మ తట్టినప్పుడూ ఇలాగే పలికేది" అని బయటికి వెళ్లిపోయాడు. సిగరెట్టు కాలుస్తానని వెళ్లినవాడు సిగరెట్టు వెలిగించలేదు, కంచె దగ్గర ఊరికే నిలబడ్డాడు.

రొట్టెలు విరిచి వేడినీళ్లలో వేశాం. అడుగున గడ్డి పరిచిన తొట్టిలోంచి రసం నల్లగా, చిక్కగా కారింది. చేదు కోసం హాప్స్ పూలు విడిగా మరిగించి కలిపాడు. స్తెపొనస్ తన బావిలో వేలాడదీసి దాచుకునే పులుపుమడ్డి, బీరు పులియడానికి, ఒక సీసాడు పంపాడు. రెండు రోజులు తొట్టి మీద నురుగు లేచి అణిగింది. పీపాల్లో పోసి నేలమాళిగలోకి దించారు.

*

పదో రోజు నన్ను నేలమాళిగలోకి పిలిచాడు. పీపా దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గ్లాసు నిండుగా ఉంది. నేను మెట్టు మీదే ఆగిపోయాను.

"భయపడకు. నీ కోసమే పోశాను. రంగు బాగుంది, వాసన బాగుంది. కానీ పెళ్లివాళ్ల ముందు పెట్టాలి. ఒకసారి ఎవరో ఒకరు రుచి చూసి చెప్పాలి. నాన్న దేన్నైనా బాగుందనే అంటాడు, నా మొహం చూసి."

నేను పదిహేడేళ్ల వయసు నుంచి బీరు నోట్లో వేసుకోలేదు. మా అన్న యూలియస్ ఒక నామకరణం విందులో తాగి తిరిగి వస్తూ మంచులో పడి నిద్రపోయి అలాగే పోయాడు. ఆ మాట గింతస్‌కి తెలుసు. తెలిసీ అడిగాడు. అడగడానికి వాడికింకెవరున్నారు?

తాగాను.

"ఎలా ఉంది?"

"బీరులా ఉంది."

"అమ్మా!"

"ఏం చెప్పను, నాకేం తెలుసు? చేదు. కాదు, చేదు కాదు. రొట్టె అడుగున మాడుతుందే, చిన్నప్పుడు నువ్వు గోకి తినేవాడివి, అదీ. ఆ తరువాత తేనె. ఆ తరువాత..."

"తరువాత?"

"చర్చిలో కొవ్వొత్తి ఆర్పేశాక వాసనొస్తుందే, అలా."

కళ్లు మూసుకున్నాడు. "ఇంకా చెప్పు. మింగాక ఎలా ఉంది?"

ఇంకో గుక్క తాగి చెప్పాను. ఇంకోటి తాగి చెప్పాను. గొంతు దిగాక పొయ్యి పక్కన కూర్చున్నట్టుందన్నాను, నాలుక అంచుల దగ్గర మాత్రం ఎండిన రేగుపండులా లాగుతోందన్నాను. వాడు పీపాకి ఆనుకుని వింటున్నాడు, చిన్నప్పుడు కథ చెబుతుంటే విన్నట్టు. మేమిద్దరం అలా పావుగంట ఉన్నామేమో. ఆ పావుగంటా నేను భయపడటం మరిచిపోయాను. తరువాత నన్ను నేను అందుకే ఎక్కువ తిట్టుకున్నాను.

*

పెళ్లికి వారం ముందు వియ్యాలవారు బీరు చూడ్డానికి వచ్చారు. మా వైపు అదొక పద్ధతి. బల్ల మీద ఒక్కటే పెద్ద మగ్గు ఉంటుంది. కాసినవాడు దాన్ని నింపి, తాను ముందు తాగి, పక్కవాడి కళ్లలోకి చూసి "నీ ఆరోగ్యానికి" అని, మళ్లీ నింపి అందిస్తాడు. అలా బల్ల చుట్టూ తిరుగుతుంది. కాసినవాడు తాగకపోతే, ఇందులో ఏం వేశానో నాకు తెలుసు, నేను తాగను, మీరు తాగండి అన్నట్టే.

ఇది మేము మరిచిపోలేదు. ముందే అనుకున్నాం. ఇంటి పెద్దగా పోవిలస్ పోస్తాడు, పోవిలస్ తాగుతాడు, గింతస్ పీపాల దగ్గర పనున్నట్టు కిందే ఉంటాడు.

వియ్యంకుడు లియోనస్ పెద్ద పొట్ట, పెద్ద గొంతు, మనసులో ఏమీ లేని మనిషి. భార్యతో వచ్చాడు. స్తెపొనస్‌ని కూడా పిలిచాం. నేను ఉప్పు వేసి ఉడికించిన బఠానీలు, జున్ను బల్ల మీద పెట్టాను. గింతస్ కూజా తెచ్చి బల్ల మీద ఉంచి తిరిగి వెళ్లబోతున్నాడు. పోవిలస్ మగ్గు నింపాడు. వెలుతురుకి పెట్టి చూపించాడు. నల్లటి బీరు అంచుల్లో ఎర్రగా మెరిసింది.

"అమ్మో!" అన్నాడు లియోనస్. "ఇదేంటి బావగారూ, రొట్టెల బీరా? విరిగిన భుజంతో కాసింది ఇదేనా?"

అక్కడ మా ఆయన ఆగలేకపోయాడు. నాలుగేళ్లుగా కొడుకు గురించి ఎవరి ముందూ ఒక్క గొప్ప మాట చెప్పుకోలేని తండ్రి. "నేనా? నేను పీట మీద కూర్చున్నాను. మావాడు కాచాడు. బార్లీ నానెయ్యడం దగ్గర్నుంచి అంతా వాడి చెయ్యే!"

"అలాగా! అయితే మగ్గు మీ చేతిలో ఎందుకుంది? రావయ్యా అబ్బాయ్, నీ చేత్తో పొయ్యి. ముందు నువ్వు, తరువాత మేము."

పోవిలస్ మొహం పాలిపోయింది. కానీ మగ్గు అప్పటికే చేతులు మారింది.

గింతస్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"వాడికి కడుపులో పుండండి," అన్నాను నేను.

"పుండా? మా మేనమామకి ఉండేది వదినగారూ. రోజూ బీరు తాగాడు, తొంభై ఏళ్లు బతికాడు."

"బీరు వల్ల కాదు," అంది ఆయన భార్య. "మీ అత్త ముందు పోయింది, అందువల్ల."

అందరూ నవ్వారు. నవ్వు అయిపోయింది. గింతస్ ఇంకా అలాగే ఉన్నాడు. లియోనస్ మొహంలో నవ్వు మెల్లగా తగ్గుతోంది. భార్య వైపు ఒకసారి చూశాడు. బఠానీ తీసుకోబోయిన ఆవిడ చెయ్యి వెనక్కి పోయింది.

గింతస్ నా వైపు చూశాడు.

చెప్పాల్సింది ఒక్క ముక్క. మావాడు తాగేవాడు, మానేశాడు. అంతే. నాలుక మీద ఉంది. కానీ వాకిట్లో విల్మా తువ్వాలు మెలిపెడుతూ నిలబడి ఉంది. వారం రోజుల్లో పెళ్లి. ఇదేం ఇల్లు, ఇదేం రక్తం అని వీళ్లు అనుకుంటే? ఇన్నాళ్లూ ఎందుకు దాచారంటే? స్తెపొనస్ కూడా నన్నే చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దం ఎలాగైనా పోతే చాలనిపించింది.

"ఒక్క గుక్కకి ఏం కాదులే నాన్నా," అంది ఎవరో.

నేనే.

గింతస్ మగ్గు ఎత్తాడు. తాగాడు. లియోనస్ కళ్లలోకి చూసి "మీ ఆరోగ్యానికి" అన్నాడు. మళ్లీ నింపి అందించాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

లియోనస్ సగం మగ్గు తాగి, మీసాలు తుడుచుకున్నాడు. తరువాత బల్ల మీద గుద్దాడు. "పోవిలస్ బావగారూ, మీ అమ్మాయిని మాకిస్తున్నారు సరే, ఈ అబ్బాయిని కూడా ఇస్తారా?"

మగ్గు తిరిగింది. స్తెపొనస్ తన వంతు వచ్చినప్పుడు ఒక్క గుక్క తాగి పక్కకి ఇచ్చాడు. నేను బఠానీలు వేడి చేసుకొస్తానని వంటింట్లోకి పోయాను. అవి చల్లారలేదు.

*

ఆ వారమంతా గింతస్ మామూలుగా ఉన్నాడు. కొట్టం కడిగాడు. బల్లలు మోశాడు. చెల్లెలి కోసం గుమ్మానికి ఓక్ ఆకుల దండ అల్లాడు. నేను చొక్కాలు వాసన చూశాను. చెమట, ఆకుల పసరు. ఒక్క గుక్కకి నిజంగానే ఏం కాలేదేమోనని శుక్రవారానికి నమ్మడం మొదలుపెట్టాను. నేను ఒక మంచిని నమ్మిన సందర్భాలు తక్కువ. నమ్మిన ప్రతిసారీ ఇలాగే అయింది.

పెళ్లి రెండు రోజులు జరిగింది. విల్మా మెరిసిపోయింది. బీరు గురించి చెప్పనివాళ్లు లేరు. ఎనభై ఏళ్ల ముసలమ్మలు వచ్చి గింతస్ గడ్డం పట్టుకుని, "మీ నానమ్మ లేచొచ్చింది నాయనా" అన్నారు. ప్రతి మగ్గుకీ ఒక మొదటి గుక్క ఉంటుంది కదా. కాసినవాడి గౌరవం అది. నేను వంటింట్లోంచి లెక్కపెట్టాలని చూశాను. జనం అడ్డం వచ్చారు.

సోమవారం పొద్దున మంచం ఖాళీగా ఉంది.

నేలమాళిగలో దొరికాడు. చివరి పీపాకి వీపు ఆనించి, కాళ్లు చాపి కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి, "ఇందులో ఇంకా కొంచెం ఉందమ్మా" అన్నాడు, అతిథికి చెప్పినట్టు మర్యాదగా.

పోవిలస్ ఒక్క చేత్తో లేపబోయి లేపలేక మెట్ల మీద కూలబడ్డాడు. నేను పరుగెత్తి స్తెపొనస్‌ని పిలుచుకొచ్చాను. ముసలాయన, నేను, పోవిలస్ మంచి చెయ్యి, అందరం కలిసి పైకి తెచ్చి పడుకోబెట్టాం. నేను ఆయాసపడుతూ, "పుండు... పుండు తిరగబెట్టినట్టుంది బావగారూ" అన్నాను.

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"బ్రొనే, ఊళ్లో అందరికీ తెలుసమ్మాయ్. యానినా అల్లుడు క్లైపెదాలోనే కదా ఉండేది. నువ్వు పుండన్నావు, సరే మేమూ పుండన్నాం. నీ మాట ఎందుకు తీసెయ్యాలి?"

"మరి ఆ రోజు బల్ల దగ్గర మీరైనా..."

"లియోనస్‌కి తెలీదు. నీ ఇల్లు, నీ బిడ్డ. నోరు విప్పితే నువ్వు విప్పాలి అనుకున్నాను. నువ్వేమంటావా అని చూశాను." టోపీ పెట్టుకుని లేచాడు. "నువ్వు అననే అన్నావు."

*

గింతస్ మూడు రోజులు లేవలేదు. నాలుగో రోజు లేచి, స్నానం చేసి, గడ్డం గీసుకుని, సరస్సు ఒడ్డు ఇంటికి తానే ఫోన్ చేశాడు. ఫాదర్ రమ్మన్నారట. విల్మా వాళ్ల అత్తగారింటి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. లియోనస్‌కి చెప్పేసిందట. ఆయన, "ముందే చెబితే ఆ మగ్గు నా చేత్తో నేనే లాక్కునేవాణ్ణి కదమ్మా" అన్నాడట. అది విన్నాక నేను మళ్లీ ఫోన్ దగ్గరికి పోలేదు.

అక్కడికి పోవడానికి ఎక్కాల్సిన పనెవెజిస్ బస్సు పొద్దున తొమ్మిదింటికి. పోవిలస్ రాలేదు, ఇంటి దగ్గరే కొడుకు భుజం తట్టి లోపలికి పోయాడు. నేను బస్టాపు దాకా నడిచాను. పొలాల మీద పొగమంచు ఉంది. నాలుగు రోజులుగా మింగుతున్న మాట అక్కడ చెప్పాను.

"నేనన్నాను కదరా ఆ మాట. నా నోటితో నేనే తాగించాను."

"లేదమ్మా."

"నువ్వు నా వైపు చూశావు. నేను చెబితే నిలబడేవాడివి."

సంచి కింద పెట్టాడు. ఎటో చూస్తూ, తొందర లేకుండా చెప్పాడు. "నువ్వు అనకపోయినా తాగేవాణ్ణి. మగ్గు చేతికొచ్చినప్పుడే తెలిసిపోయింది నాకు. నీ వైపు చూసింది సాయం కోసం కాదమ్మా. నువ్వెక్కడ వద్దంటావో అని చూశాను. నువ్వు ఆ మాట అన్నావు చూడు, నాకప్పుడు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది."

బస్సు వచ్చింది. నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. నేను అలవాటుగా వాసన చూశాను. సబ్బు వాసన. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

నా తప్పు లేదని చెబితే నేను ఊరట పడతాననుకున్నాడు పిచ్చివాడు. నా తప్పే అయితే ఎంత బాగుండేది. అప్పుడు ఇకమీదట నేనొక్కదాన్ని జాగ్రత్తగా ఉంటే సరిపోయేది.